రాగి వణుకు

నా చిన్నప్పుడు మా ఇంట్లో వెన్ను వంచి కూర్చోవడం తప్పు. దివాణం పోయి వన్‌టౌన్‌లో ఒక మేడ మిగిలింది. అందులో పై గది కూడా అద్దెకిచ్చేశాం. అయినా మా తాతయ్య వీధి గుమ్మం దగ్గర కుర్చీలో నిటారుగా కూర్చుంటే పూర్ణా మార్కెట్‌కు పోయే బండివాళ్ళు గొంతు తగ్గించేవారు. అద్దెకున్నవాళ్ళను ఆయన అతిథులనేవారు.

ఆ ఏడు మా అతిథి భీమిలి నుంచి వచ్చిన ఒక అక్క. వాళ్ళ నాన్న సముద్రం మీద వేటకు వెళ్ళేవాడు. ఆమె యూనివర్సిటీలో లోహాల మీద పరిశోధన చేసేది. ఒక ఆదివారం దూది పరిచిన డబ్బా తెరిచి, పెన్సిల్ కంటే సన్నని రాగి కడ్డీ చూపించింది. కొలిమిలో ఎన్నోసార్లు చెడి, చివరికి కుదిరిందట. మామూలు రాగిలా వేల పలుకుల ముద్ద కాదు, కడ్డీ మొత్తం ఒకే స్ఫటికం.

"ముట్టుకోకు దొరసానీ. ఇందులో పరమాణువులు బారులు తీరి ఉంటాయి గానీ, ఒక్కటీ కుదురుగా ఉండదు. వణుకుతానే ఉంటాది."

"రాగి వణకడమేమిటి?"

"ఎక్స్‌రే కొడితే ఫిల్ము మీద సుక్కలు పడతాయి. వేడెక్కితే వణుకు పెరిగి సుక్కలు మసకేస్తాయి. ఆ మసక సూసి, ఎంత వణుకుతన్నాయో లెక్క కడతన్నాను."

ఇంతలో కుళాయి వచ్చిందని బిందె పట్టుకుని కిందికి వెళ్ళింది. తాతయ్య రాగి చెంబు ఎన్నడూ వణకలేదు. వణుకేదో వేళ్ళకు తెలుస్తుందని కడ్డీ రెండు కొసలూ పట్టుకుని గట్టిగా నొక్కాను. తోటకూర కాడలా వంగిపోయింది. చప్పుడైనా కాలేదు. వంగినంత సులువుగా అది తిరిగి రాలేదు. నేలకు అదిమి అదిమి, కంటికి సాపుగా కనిపించేదాకా నొక్కి, దూదిలో పెట్టేశాను.

మూడు రోజుల తర్వాత అక్క రెండు ఫిల్ములు తెచ్చి తాతయ్య ముందు వెలుతురుకు పట్టింది. పాతదానిలో ఆవగింజల్లాంటి గుండ్రని చుక్కలు. కొత్తదానిలో ఏడ్చిన కంటి కాటుకలా, ప్రతి చుక్కకూ ఒక తోక.

"వేడికైతే మసకేస్తాయి గానీ ఇలా సాగవండి. ఎవరో వంచి, సాపు సేసారు. మళ్ళీ మొదటినుంచి పెంచాలి. ఈ ఏడు నా థీసిస్ అవ్వదు." నా వైపు తిరిగింది. "నువ్వు గానీ ముట్టుకున్నావేటి?"

"మా ఇంటివాళ్ళు పరాయి వస్తువు ముట్టరు," అన్నాను, అచ్చం తాతయ్య గొంతుతో. ఆయన తల పంకించారు.

అక్క నా ముఖం చూసి ఫిల్ములు కవరులో పెట్టేసింది. "అయితే నా సేతిలోనే నలిగిందేమోలెండి బాబుగారూ."

తిట్టి ఉంటే నిటారుగా నిలబడి మాటలు పడేదాన్ని. మా ఇంటి మాట నిలబెట్టడానికి ఆమె నా తప్పు మోస్తుంటే తట్టుకోలేకపోయాను. "నేనే," అన్నాను.

తాతయ్య లేచారు. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. బండివాళ్ళు చూస్తుండగా ఆమె ముందు నడుము వంచి చేతులు జోడించారు. "అమ్మా, తప్పు మా ఇంటిది." ఆ చేతులు వణుకుతున్నాయి. ఆ వెన్ను వంగగలదని నాకు అంతవరకూ తెలియదు.

"కూకోండి బాబుగారూ," అంది అక్క, ఏం చెయ్యాలో తోచక.

మళ్ళీ స్ఫటికం కుదరడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా కుళాయి వచ్చినప్పుడల్లా ఆమె బిందె నేనే మేడ మీదికి మోశాను. వీధివాళ్ళు చూస్తున్నా తాతయ్య వద్దనలేదు.

ఇప్పుడు నాకు ఆయన వయసు. ఇప్పటికీ నిటారుగానే కూర్చుంటాను. కానీ "మా ఇంటివాళ్ళు" అన్న మాట నోటిదాకా వచ్చినప్పుడల్లా ఆ తోకల చుక్కలు కళ్ళముందు నిలుస్తాయి. మాట అక్కడే ఆపి, జరిగింది చెప్పేస్తాను.