మందులవ్వకు నేను చేసిన వైద్యం

దిల్‌సుఖ్‌నగర్‌లో లేడీస్ హాస్టల్లో ఉన్న ఆ రోజుల్లో నాకు ఒక గట్టి నమ్మకం ఉండేది. మెటీరియల్ లేని సబ్జెక్టు ఈ భూమ్మీద లేదని, ఒకవేళ ఉంటే దాని జోలికి పోవాల్సిన పని లేదని. ఇందులో నా తప్పేమీ లేదు లెండి. తెనాలి నుంచి వచ్చి పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లో మొదటి ఉద్యోగంలో చేరాను. లావుపాటి పుస్తకాలను పిండి పన్నెండు పేజీల మెటీరియల్‌గా మార్చడం, దాని వెనక బిట్లు తయారుచేసి తగిలించడం నా పని. ఏది పరీక్షలో వస్తుందో ఏది రాదో పేరా మీద చెయ్యి పెట్టి చెప్పేసేదాన్ని (నేను స్వయంగా రాసిన పరీక్షలు మాత్రం ఒక్కటీ గట్టెక్కలేదు, అది వేరే సంగతి). హాస్టల్లో అందరూ నన్ను బిట్ల మేడమ్ అని పిలిచేవాళ్ళు. వెక్కిరింతని తెలియక నేను దాన్ని బిరుదుగానే తీసుకున్నాను.

నా రూమ్మేట్ నాకన్నా ఆరేళ్ళు పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. చౌటుప్పల్ దాటాక రోడ్డు దిగి లోపలికి వెళితే వాళ్ళ పల్లె. ఎల్‌బీ నగర్‌లో ఒక ఆస్పత్రి ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేసేది. ఆదివారం చర్చికి వెళ్ళొచ్చి, అన్నం తిని, మంచం మీద బాసింపట్టు వేసుకుని లాప్‌టాప్ తెరిచేది. అందులో వాళ్ళ తమ్ముడు ఎక్కించి ఇచ్చిన గేమ్ ఒకటి ఉండేది. పెద్ద రాజ్యం, కొండలు, ఊళ్ళు, సత్రాలు. మనం ఒక మనిషిగా అందులోకి దిగుతాం. ఎటు వెళ్ళాలో ఎవరూ చెప్పరు. ఎవరితో ఏం మాట్లాడామో, ఎవరిని వెంట తీసుకెళ్ళామో, ఎవరిని వదిలేశామో దాన్నిబట్టి కథ మారిపోతూ ఉంటుంది. వాళ్ళ మాటలు తెర కింద ఇంగ్లీషులో అక్షరాలుగా వస్తాయి, మీట నొక్కితే దాటిపోతాయి. అక్క ఆ ఆట ఆడే తీరు చూస్తే నాకు ఒళ్ళు మండేది. దారిన పోయే ప్రతివాడితోనూ ఆగి కబుర్లాడేది. ఒక ఆదివారం మధ్యాహ్నమంతా ఎవరిదో తప్పిపోయిన మేకను వెతికింది. సాయంత్రానికి అది దొరికింది. ఇంతసేపు తిరిగితే ఏం వచ్చిందక్కా అని అడిగాను. “మేక దొరికింది గదనే” అంది, నాకేదో బుర్ర తక్కువన్నట్టు చూసి.

నేనూ అదే లాప్‌టాప్‌లో నా పేరుతో వేరే ఆట మొదలుపెట్టాను. అయితే నేను నేనే కదా. నెట్‌లో ఎవరో పుణ్యాత్ముడు రాసిన గైడు పట్టుకున్నాను. ఏ మలుపులో ఏం చేయాలో, ఎవరికి ఏ జవాబు చెప్పాలో అంతా అందులో ఉంది, నూట నలభై పేజీలు. మా సెంటర్ పక్క జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి స్పైరల్ బైండింగ్ చేయించాను. షాపాయన, ఇది గ్రూప్ టూ మెటీరియలా మేడమ్ అని అడిగితే అవునన్నాను. అంతటితో ఆగానా? అలవాటు చొప్పున దాన్ని కూడా పన్నెండు పేజీలకు కుదించాను. ఎర్ర పెన్నుతో ముఖ్యం, అతి ముఖ్యం అని రాసుకున్నాను. సంభాషణలన్నీ కొట్టేశాను, అవి పరీక్షలో రావు కనుక. ఆ పన్నెండు పేజీలు ఒళ్ళో పెట్టుకుని మూడు వారాల్లో రాజ్యాన్ని గెలిచాను. గెలిచిన రోజున సంతోషం లాంటిదేమీ కలగలేదు. సిలబస్ పూర్తయిందనిపించింది, అంతే.

అక్క నాకు ఒకటే షరతు పెట్టింది. నువ్వు ఏం చదువుకుంటావో చదువుకో, నాకు మాత్రం ముందే ఏదీ చెప్పకు అని. సరేనన్నాను గానీ, పక్కన మనిషి తప్పు ఆప్షన్ వైపు నడుస్తుంటే నోరు మూసుకుని కూర్చోవడం నా వృత్తికే విరుద్ధం. ముఖ్యంగా ఆ ముసలామె విషయంలో. ఆటలో మొదటి ఊరి నుంచే ఒక ముసలి వైద్యురాలు అక్క వెంట నడిచేది. అక్క ఆమెకు మందులవ్వ అని పేరు పెట్టుకుంది. అచ్చం మా నాయనమ్మ లెక్కనే, మంచి మాట చెప్పినా తిట్టినట్టే ఉంటది అని మురిసిపోయేది. వాళ్ళ నాయనమ్మ పోయినప్పుడు అక్క పరీక్షల్లో ఉందట. చదువు పాడవుతుందని ఇంట్లోవాళ్ళు వారం దాకా చెప్పలేదట. ఆ సంగతి ఒక్కసారే చెప్పింది, చెప్పి లాప్‌టాప్ వైపు తిరిగిపోయింది.

నా గైడు ప్రకారం, మందులవ్వను వెంటబెట్టుకుని నది మీది వంతెన దాటితే ఆమె అక్కడే చచ్చిపోతుంది. ముందుగా కొండ మీది వేరు తెచ్చి ఇస్తే బతుకుతుంది (నా ఆటలో ఆమెను మొదటి ఊళ్ళోనే వదిలేశాను, గెలవడానికి ఆమె అవసరం లేదు కనుక). అక్క ఏమో రెండు వారాలుగా ఆ వంతెన దాకా వెళ్ళడం, వెనక్కి రావడం, కొండల్లో పిచ్చిదానిలా తిరగడం. పాపం దారి తెలియక తిరుగుతోంది, ఏదో ఒక ఆదివారం వంతెన దాటేస్తుంది, తరవాత కూర్చుని ఏడుస్తుంది అని నాకు నిద్ర పట్టేది కాదు. చెప్పనని మాట ఇచ్చాను. చేయనని ఇవ్వలేదు కదా!

ఒక ఆదివారం అక్కకు పొద్దుటి డ్యూటీ పడింది. ఆమె మెట్రో ఎక్కిందని తెలియగానే లాప్‌టాప్ తెరిచి, నా ఆట కాదు, అక్క ఆట తీశాను. పన్నెండు పేజీలు ముందు పెట్టుకుని కొండెక్కి వేరు పీకి తెచ్చి మందులవ్వ చేతిలో పెట్టాను. ఆమె నాలుగు మాటలేవో అంది. నేను అలవాటుగా టకటకా నొక్కేశాను. తీరా చూస్తే ఆమె మూట భుజాన వేసుకుని నడిచి వెళ్ళిపోతోంది. వెనక పరిగెత్తాను, చెట్ల మధ్య మాయమైంది. నూట నలభై పేజీల అసలు గైడు తీసి చూస్తే, నేను కొట్టేసిన పేరాలో ఉంది. ముందు ఆమె కొడుకు గురించి అడిగి, ఆమె చెప్పేదంతా విని, అప్పుడు వేరు ఇవ్వాలట. ఊరికే చేతిలో పెడితే, మందులు తెలిసిన తనకే మందు ఇస్తారా అని అవమానపడి వదిలి పోతుందట. ఆ ఆట ఎప్పటికప్పుడు దానంతటదే సేవ్ అయిపోయే రకం. వెనక్కి వెళ్ళే దారి లేదు. అక్క నాలుగు నెలల ఆదివారాలను నేను పది నిమిషాల్లో గంగలో కలిపేశాను.

గదిలో కూర్చోలేకపోయాను. మెట్రో ఎక్కాను. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్‌కు ఎంతో దూరం లేదు, ఆ కాసేపట్లోనే నాలుగు ఆప్షన్లు తయారుచేసుకున్నాను. కరెంటు పోయింది, లాప్‌టాప్ పాడైంది, ఆటే అంత, నేనే చేశాను. మొదటి మూడిట్లో ఏదో ఒకటి చెప్పాలనే దిగాను. ఆస్పత్రి క్యాంటీన్‌లో అక్క డబ్బా మూత తీస్తూ, నన్ను చూసి కంగారుపడి, ఏమైందే, ఊర్ల అంత మంచిదేనా అని అడిగింది. ఆ మొహం చూశాక నాలుగోది తప్ప ఏదీ నోటికి రాలేదు. అంతా చెప్పేశాను.

అక్క చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

“పోయేటప్పుడు అవ్వ ఏమన్నది?”

“ఏమో అక్కా. ఏదో అంది. నేను నొక్కేశాను.”

“నొక్కేసినవా?” అంది. ముద్దను తిరిగి డబ్బాలో పెట్టేసింది. “పోయే మనిషి మాట గుడ ఇనకుంట నొక్కేస్తరానే?”

తిట్టి ఉంటే బాగుండేది. క్యాంటీన్‌లో జనం చూస్తున్నారని కూడా లేకుండా ఏడ్చేశాను. అక్క డబ్బా పక్కకు జరిపి, మంచినీళ్ళ గ్లాసు నా ముందు పెట్టి, వంతెన గానీ దాటించావా అని అడిగింది. లేదన్నాను. అప్పుడు ఊపిరి వదిలింది చూడండి, ఆ చప్పుడు నాకిప్పటికీ గుర్తే.

“అయితె మంచిగైంది తియ్. నన్ను ఏరు అవతలికి తోల్కపోకు బిడ్డా, ఆడ నా సావున్నది అని మొదటి ఊర్లనే చెప్పింది ఆమె. రెండు వారాల సంది గా వంతెన దాక పోతున్న, మళ్ళొస్తున్న. వదిలిపెడదామంటె మనసొస్తలేదు. నా తోని కాని పని నువ్వు చేసినవు.”

నా ఏడుపు ఠక్కున ఆగిపోయింది. నూట నలభై పేజీలు చదివి నేను తెలుసుకున్న సంగతి అక్కకు మొదటి ఆదివారమే తెలుసు! మందులవ్వ ఆ మాట నా ఆటలో నాకూ చెప్పే ఉంటుంది. నొక్కేసి ఉంటాను. (కొండల్లో దారి తెలియక తిరుగుతోందని నేను జాలిపడినదంతా వృథా అయింది.)

క్షమించేసిందనుకోకండి. ఆ సాయంత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఆటలో ఎవరు నోరు తెరిచినా ఆ మాటలు తెలుగులో చదివి వినిపించమంది. అదే శిక్ష. మందులవ్వ లేకుండా వంతెన దగ్గరకు వెళ్ళాం. ఆమె వెళ్ళిపోతే తరవాత ఏమవుతుందన్న భాగం నేను చదవలేదు, మనకెందుకు వచ్చిన గొడవని అదీ కొట్టేశాను. అంచేత మొదటిసారి నాకు కూడా ఏమీ తెలియదు. వంతెన చెక్కలు ఊగుతుంటే అక్క మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాను. అవతలి ఒడ్డు చేరాక ముందుకు పోకుండా అక్క ఆగి వెనక్కి తిరిగి చూసింది. ఇవతలి గట్టు మీద మందులవ్వ కూర్చుని వేర్లు ఎండబెట్టుకుంటోంది. బతికే ఉంది. ఇద్దరం ఒకేసారి నవ్వాం, ఒకేసారి కళ్ళు తుడుచుకున్నాం. ఆ రోజు నాకు కలిగిన నిశ్చింత ఏ పరీక్ష ఫలితంలోనూ కలగలేదు (ఫలితాల సంగతి ముందే మనవి చేశాను).

అక్క ఇప్పుడు తుర్కయంజాల్‌లో ఉంటోంది. నేను ఇంకా మెటీరియల్ తయారుచేస్తూనే ఉన్నాను, ఇల్లు గడవాలి కదా. ఆ ఇరవై మూడేళ్ళ బిట్ల మేడమ్ ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్న తీరు గుర్తొస్తే నవ్వొస్తుంది, కాస్త ముద్దు కూడా వేస్తుంది. మందులవ్వ మూట భుజాన వేసుకునే ముందు నాతో ఏమందో ఇప్పటికీ నాకు తెలియదు. నెట్‌లో వెతికితే నిమిషంలో దొరుకుతుంది. కానీ ఆ మాట నాకు చెప్పాలని ఒకసారి ఆమె నోరు తెరిచింది, నేను వినలేదు. ఇంకెవరో రాసిపెట్టింది చదువుకోవడానికి మనసొప్పలేదు.