పైకి చదివే సింహాచలం

ఆ రోజుల్లో రాయగడ బజారులో ఇన్‌కంటాక్సు రిటర్నులు రాసే పొట్నూరు సింహాచలం, కళ్ళజోడు ముక్కు కొసకి జార్చుకుని, రాసే ప్రతి మాటా పైకి చదివేవాడు. ఎవరి జీతమెంతో, ఎవరికి పిల్లలెందరో బెంచీ మీద కూర్చున్న వాళ్ళందరికీ తెలిసిపోయేది. ఒక జూలైలో నర్సు జెరూషా వచ్చింది. "పిల్లల ఫీజు రసీదులేయమ్మీ?" అని కేకేశాడు. ఆమె తల వంచుకుని విశాఖ ఆస్పత్రి బిల్లులు ముందు పెట్టింది. చదవబోయి, అవి పిల్లలు పుట్టడానికి చేయించుకుంటున్న వైద్యానివని చూసి, నోరు మూసుకున్నాడు. బెంచీ అంతా చెవులు రిక్కించింది.

"వీటికి మినాయింపు రాదమ్మీ," అన్నాడు, ఆమెకి మాత్రమే వినపడేలా.

"వస్తాదేమోనని తెచ్చేను బాబాయ్. మళ్ళీ ఎల్లాలి కదా."

"ఏటి బిల్లులు సింహాచలం?" బెంచీ మీంచి ఎవరో అడిగారు.

"పంటి నొప్పి," అన్నాడు గట్టిగా. తర్వాతి మనిషి కాగితాలు అందుకుని, వాటినీ మనసులోనే చదువుకున్నాడు. ఆ రోజు నుంచి ఆ కొట్టులో కలం చప్పుడే వినిపించేది.