వోల్టేజీ దిగే వేగం

పందొమ్మిది వందల అరవైల నడుమ నేను ఇంజనీరింగు కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబు డిమాన్‌స్ట్రేటరుగా చేరాను. వరంగల్‌లో మాది బట్టల దుకాణం. ఆడపిల్లకు కరెంటు పని ఎందుకని వచ్చినవాళ్లు అడిగితే మా నాయన, "దానికి అస్తది, చేస్తాంది" అని బట్ట కొలవడంలో పడేవాడు. పని వచ్చన్న ధీమా నాకూ ఎక్కువే. ఆ ధీమాతోనే ఒకసారి ఒక మంచి పనివాడిని నొప్పించాను.

ఆయన మా ల్యాబు మెకానిక్. ఖిలా వరంగల్ నుంచి రోజూ సైకిల్ మీద వచ్చేవాడు. వయసులో మా నాయనంత. రేడియోలు బాగుచేసి చేసి చెయ్యి తిరిగినవాడు. నేను కాకా అని పిలిచేదాన్ని.

ఆ ఏడు ప్రాక్టికల్స్ కోసం ఇద్దరం కలిసి ఒక వాల్వు యాంప్లిఫయరు కట్టాం. మా గదిలో పుట్టించిన, నిటారుగా లేచి నిటారుగా దిగే చతురస్రపు అలను ఇరవై మీటర్ల కేబుల్ గుండా పక్క హాల్లోని బల్లలన్నిటికీ అందించడం దాని పని. తీరా పెట్టి చూస్తే, అలను గీతగా చూపే ఆసిలోస్కోపు తెర మీద అల నిటారుగా లేస్తోంది గానీ, దిగేటప్పుడు ఏటవాలుగా జారుతోంది.

మా శాఖాధిపతి గుంటూరు వైపు మనిషి. యాంప్లిఫయరు కట్టగానే ఆయనే స్వయంగా పరీక్షించి బాగుందని సంతకం కూడా పెట్టారు. ఇప్పుడు తెర చూసి తల ఊపారు.

"ఇది మనవల్ల తేలేలా లేదమ్మా. హైదరాబాదు పంపించేద్దాం."

"రెండు రోజులు ఆగండి సార్. ఇక్కడే బాగుచేస్త."

ఆయన వెళ్లగానే కాకా వైపు తిరిగాను. "టంకం సరిగ్గ పట్టనట్టున్నది కాకా. అన్ని జాయింట్లు మల్ల చెయ్యాలె."

ఆయన ముఖం కొంచెం వాడిపోయింది. మర్నాడు మధ్యాహ్నం దాకా వంచిన తల ఎత్తకుండా ప్రతి జాయింటూ విప్పి మళ్లీ అతికాడు. తర్వాత జాగ్రత్త కోసం నాబ్ తగ్గించి చిన్న అల పంపాడు. తెర మీద అల నిటారుగా లేచి, నిటారుగా దిగింది.

"చూసినవా? టంకందే తప్పు!" అన్నాను.

కాకా నాబ్ పెంచాడు. అల పెద్దదైంది. ఏటవాలు మళ్లీ వచ్చింది.

"జాయింటుకు చిన్న వోల్టు, పెద్ద వోల్టు ఏం ఎరుక అమ్మా?" అన్నాడు మెల్లగా. "అది చెడితే రెండిట్లనూ చెడాలె గద."

గ్రాఫు కాగితం తీసి అలను ఐదు వోల్టులకు, పదికి, ఇరవైకి పెంచుతూ దిగే గీతను గీశాను. మూడింటి వాలూ ఒక్కటే. పెద్ద అలకు దిగడానికి ఎక్కువసేపు పడుతోంది గానీ, దిగే వేగం మారడం లేదు. కేబుల్ విప్పేసి చూస్తే పెద్ద అల కూడా నిటారుగానే దిగింది.

అప్పుడు విషయం తేటపడింది. అంత పొడవు కేబుల్ తనలో ఛార్జీ పట్టి ఉంచుతుంది. వోల్టేజీ దిగాలంటే ఆ ఛార్జీ బయటికి పోవాలి. ఛార్జీ నింపేటప్పుడు వాల్వు కావలసినంత తోస్తుంది గానీ, దాన్ని లాగేయడానికి మా యాంప్లిఫయరులో ఉన్నది ఐదు మిల్లీయాంపుల కరెంటు మాత్రమే. ఆ కరెంటు లాగగలిగిన దానికంటే వేగంగా వోల్టేజీ దిగమన్నా దిగదు. చిన్న అల దిగేది కొంచెమే కాబట్టి ఆ జాప్యం కంటికి ఆనదు. సార్ చిన్న అలలతోనే పరీక్షించారు కనుక ఆ హద్దు ఆయనకు కనబడలేదు.

"కాకా, తప్పు నాది. నీ పనిని ఊకెనే అన్న."

"మల్ల చేస్తె ఇంకింత గట్టిగైనయి తీయ్. ఫికర్ చెయ్యకు. ఇప్పుడేం చేద్దాం, అది చెప్పు."

పెద్ద వాల్వు పెట్టి కరెంటును నాలుగింతలు చేద్దామన్నాను. సార్ వచ్చి లెక్క చూశారు. "వేడికి కాలిపోదూ?" అన్నారు.

"కాలదు సార్. వాల్వు తట్టుకుంటది. గాలి ఆడాలె, అంతే."

కాకా అప్పటికే రేకు పెట్టెకు రంధ్రాలు వేయడం మొదలుపెట్టాడు. సాయంత్రం కాకముందే ఇరవై వోల్టుల అల మునుపటి ఎనిమిదికి బదులు రెండు మైక్రోసెకన్లలో దిగింది. సార్ కళ్లద్దాలు తుడుచుకుని మరోసారి చూశారు.

"ఇది ప్రయోగంగా పెట్టాల్సిందేనమ్మా. క్లాసు నువ్వే తీసుకో."

తీసుకున్నాను. వాలు ఎలా కొలవాలో బోర్డు మీద నేను చెప్పాను. యాంప్లిఫయరు దగ్గర నిలబడి చూపించమని కాకాను అడిగాను. విద్యార్థుల ముందు ఎన్నడూ నోరు విప్పని మనిషి, మొదట తలుపు వైపు చూశాడు. తర్వాత చొక్కా చేతులు మడిచి, "జర దగ్గరకు రాండ్రి బాబూ, దూరంనుంచి కనబడది" అన్నాడు. పిల్లలందరూ ఆయన చుట్టూ మూగారు.