కొండ అంచున సున్నుండల సంచి

ఎవరికీ అపకారం తలపెట్టని ఒక మంచి మనిషి, స్నేహితులకు తలా ఒక సున్నుండ తినిపించి రెండు పేజీల కథ చదివి వినిపించాలనుకున్నాడు. అంతే. ఆ పాపానికి ఒక దంపతుల క్రిస్మస్, ఒక తమ్ముడి పెళ్ళి, తన పరువు, మూడింటినీ ఒకే చేతిసంచిలో పెట్టి లోయ అంచున వేలాడదీశాడు. ఆ మంచి మనిషిని నేనే. ‘మంచి’ అన్న మాట దగ్గర పెదవి విరిచినవాళ్ళను గమనించాను. గుర్తుపెట్టుకుంటాను.

సౌదీలో కొండమీదుండే తాయిఫ్‌లో నవంబరు దాటితే చలి ఎముకల్లో కాపురం పెడుతుంది. ఆ రోజుల్లో నాకు రెండే సుఖాలు: రజాయి ముసుగేసుకుని సున్నుండ కొరకడం, ఊరి నుంచి తెచ్చుకున్న దీపావళి ప్రత్యేక సంచికలో కథలు చదవడం. సుఖాన్ని ఒక్కడినే అనుభవించే స్వార్థం నాలో లేదు. శుక్రవారం సాయంత్రాలు అక్కడి తెలుగువాళ్ళం నాలుగిళ్ళవాళ్ళం కలిసేవాళ్ళం. తలా ఒక పిండివంట తేవాలి, తలా ఒక కథో కబురో చదవాలి. నా వంతు వచ్చిన రోజున ఏం జరిగిందో వినండి. నా సున్నుండను ప్రసాదు బల్లమీద రెండుసార్లు కొట్టి చూసి, "బావా, దీంతో గోడకి మేకు దిగుద్దా?" అన్నాడు. నేను కథ చదువుతుంటే ఆరో పేరా దగ్గర గురక పెట్టాడు. వాడి భార్య సుగుణ నా ప్రత్యేక సంచికను వారం రోజులు ఇంటికి తీసుకువెళ్ళి, వేడి ఉప్మా గిన్నె కింద పెట్టి, అట్టమీద నల్లటి పూర్ణచంద్రుడితో సహా తిరిగి ఇచ్చింది. ఇవన్నీ నేను మరిచిపోయానని వాళ్ళనుకున్నారు. నేను మరిచిపోవడమా!

ప్రసాదు నాతోపాటే ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో సైట్ ఇంజనీరు. సుగుణ అక్కడి ఆసుపత్రిలో నర్సు. ఇద్దరిదీ తెనాలి పక్క. ఆమె నన్ను అన్నయ్యా అని పిలుస్తుంది కాబట్టి వాడు నాకు బావ. మూడేళ్ళ తరువాత సెలవు దొరికి, క్రిస్మస్‌కి ఇంటికి బయలుదేరారు. పండగ మర్నాడే సుగుణ తమ్ముడి పెళ్ళి. రాత్రి జెద్దాలో విమానం. మధ్యాహ్నం ఖాన్ భాయ్ టాక్సీలో తాయిఫ్ నుంచి బయలుదేరి, హదా ఘాట్ రోడ్డు దిగి, మక్కా దారి వదిలేసి, ముస్లిములు కాని మావంటివాళ్ళ కోసం వేసిన చుట్టుదారి పట్టి జెద్దా చేరాలి.

సాగనంపడానికి నేనూ బయలుదేరాను. సాగనంపడం ఒక సాకు. అసలు సంగతి, కారులో కూర్చున్నవాళ్ళు పారిపోలేరు. కొండమీద ఆపి, చలిలో వేడి టీ పోసి, కొత్తగా చేసిన సున్నుండలు తినిపించి, అప్పుడు గురకలో కలిసిపోయిన ఆ కథ చివరి రెండు పేజీలు చదివి, "బాగుంది" అనిపించుకుని మరీ విమానం ఎక్కిద్దామని నా పట్టుదల. ఈసారి సున్నుండల్లో బెల్లం బదులు ఖర్జూరం వేశాను. మినప్పప్పు కాస్త ఎక్కువ వేగిన మాట నిజమే. కాస్తే.

బయలుదేరేముందు సుగుణ హ్యాండ్‌బ్యాగు జిప్పు ఊడిపోయింది.

"ఆ పాస్‌పోర్టులు ఇటివ్వమ్మా," అన్నాను. "మీ సంగతి నాకు తెలుసు. పుస్తకాన్ని గిన్నె కింద పెట్టేవాళ్ళు."

"అన్నయ్యా, ఆ ఉప్మా సంగతి ఇంకా మర్చిపోలేదా?"

"మర్చిపోవడానికి అదేమన్నా చిన్న మచ్చా?"

రెండు పాస్‌పోర్టులూ తీసుకుని, వాళ్ళు సామాను కారెక్కిస్తుండగా, ప్రత్యేక సంచికలో నేను చదవాల్సిన పేజీల మధ్య పెట్టాను. గుర్తుకు గుర్తు, భద్రతకు భద్రత. ఆ సంచికను సున్నుండల డబ్బాతో కలిపి నా బట్టసంచిలో పెట్టాను. ఇంత ముందుచూపు ఉన్న మనిషిని మీరు చూసి ఉండరు.

ఘాట్ రోడ్డు మొదట్లో, లోయ కనిపించే చోట, "ఖాన్ భాయ్, గాడీ రోకో," అని కారు ఆపించాను.

"ఎందుకు బావా?" ప్రసాదు గడియారం చూసుకున్నాడు.

"పది నిమిషాలు. టీ తాగి పోదాం."

"టీ ఎయిర్‌పోర్టులో తాగొచ్చుగా?"

"ఎయిర్‌పోర్టులో కథ చదవలేను."

"ఓరి దేవుడో, కథ కూడా ఉందా!"

దిగాం. లోయలోంచి పొగమంచు, ఇడ్లీపాత్ర మూత తీసినట్టు పైకి లేస్తోంది. అంచున నడుమెత్తు గోడ. ఆ గోడమీద, దాని వెనక రాళ్ళమీద, పెళ్ళికి ముందే వచ్చి కుర్చీలు ఆక్రమించిన బంధువుల్లా కోతులు.

కోతులంటే మన గుళ్ళ దగ్గర కొబ్బరిచిప్ప లాక్కునే బక్కకోతులు అనుకునేరు. ఒక్కొక్కటి వేటకుక్కంత. మగవాటికి భుజాల చుట్టూ బూడిదరంగు జూలు, సన్మానసభలో శాలువా కప్పుకున్న పెద్దమనిషి తీరున. ముఖం మాత్రం సన్మానం జరగలేదని అలిగినవాడి ముఖం.

ఖాన్ భాయ్ కారు దిగకుండానే అద్దం దించి కేక వేశాడు. "భాయ్‌సాబ్, థైలా గాడీ మే రఖో! యే బందర్ బడే బద్మాష్ హై!"

సంచి కారులోనే ఉంచమంటున్నాడు. నేను నవ్వాను. ఆ నవ్వును ఇప్పటికీ క్షమించుకోలేదు.

"చిన్నప్పటి నుంచి కోతుల మధ్య పెరిగినవాణ్ణి, ఖాన్ భాయ్."

"అది తెలుస్తానే ఉంది," అన్నాడు ప్రసాదు.

ఇది కూడా లెక్కలో వేసుకోండి.

మా ఊళ్ళో కోతుల విద్య మూడు సూత్రాలు. కాలు నేలకేసి కొట్టడం, కర్ర ఎత్తినట్టు నటించడం, "హోయ్" అనడం. సంచిని గోడమీద పెట్టి, ఫ్లాస్కు మూత తిప్పుతుండగా గోడమీద ఏదో బరువుగా దిగింది. తల తిప్పాను. శాలువా పెద్దమనిషి. నాకూ దానికీ మధ్య ఒక సంచి దూరం.

కాలు నేలకేసి కొట్టాను. అది నా బూటు వైపు చూసింది. కర్ర ఎత్తినట్టు చెయ్యెత్తాను. చేతిలో కర్ర లేదని దానికి తెలుసు. ఇక మిగిలింది "హోయ్". నోరు తెరిచాను గానీ, సైకిలు ట్యూబులోంచి పోయే గాలిలాంటి శబ్దం తప్ప ఏమీ రాలేదు. అది తాపీగా సంచి పిడుల్లో చెయ్యి దూర్చి, కూరల బజారుకు బయలుదేరిన ఇల్లాలిలా సంచిని భుజాన వేసుకుని, గోడమీద పదిగజాల దూరం నడిచి కూర్చుంది.

ప్రసాదు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. సుగుణ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వుతోంది.

"పోనీలే బావా! ఆ సున్నుండలు తినే ఖర్మ దానికి రాసిపెట్టి ఉంది."

నేను నవ్వలేదు.

"ప్రసాదూ..."

"ఏంది బావా, అట్టా తెల్లబోయావ్?"

"పాస్‌పోర్టులు."

"అవి కార్లో ఉన్నయ్యిగా?"

"అందులో ఉన్నాయి. సంచిలో. కథ మధ్యలో."

కోతికి కొబ్బరికాయ దొరికితే ఏమవుతుందో పెద్దలు చెప్పారు. పాస్‌పోర్టు దొరికితే ఏమవుతుందో ఏ పెద్దా చెప్పి పోలేదు.

"అన్నయ్యా," అంది సుగుణ. "అవి లోయలో పడితే మాకిక్కడే క్రిస్మస్. నా తమ్ముడి పెళ్ళి ఫోన్‌లో చూస్కోవాల. మూడేళ్ళన్నయ్యా!"

ఏడ్చి ఉంటే బాగుండేది. ఏడవలేదు. ఇంజక్షను ఇవ్వబోయే ముందు నర్సులు చూసే చూపు చూసింది.

"వెళ్ళు బావా," అన్నాడు ప్రసాదు. "కోతుల మధ్య పెరిగినోడివి."

ఒక్కొక్క అడుగే వేశాను. చుట్టూ రాళ్ళమీంచి మరో పాతిక కోతులు దిగి, పంచాయితీకి వచ్చినట్టు అర్ధచంద్రాకారంగా కూర్చున్నాయి. పెద్దమనిషి కింద గోడ, గోడ వెనక గాలి, గాలి కింద ఎక్కడో చీమల్లాంటి లారీలు.

చేతులు జోడించాను. "అయ్యా, బాబూ, డబ్బా నువ్వే ఉంచుకో నాయనా. ఆ పుస్తకం ఒక్కటీ..."

"దానికి తెలుగు రాదు బావా!" వెనక నుంచి ప్రసాదు. "ఈ దేశం కోతి. అరబీలో అడుగు!"

మతి పోయినవాడికి వెర్రివాడి సలహా కూడా వేదమే. నాకు వచ్చిన అరబీ అంతా సైటులో నేర్చింది, పట్టుమని పది మాటలు. "సదీక్," అన్నాను, అంటే మిత్రమా అని. "సదీక్... జవాజ్. జవాజ్!" పాస్‌పోర్టు అనేదానికి అరబీలో అదే మాట. ఎమిగ్రేషను ఆఫీసరులా చెయ్యి చాచాను.

అది నా ముఖంలోకి చూసి, నోరు ఇంత వెడల్పున తెరిచి ఆవులించింది.

చూశారా! ఆ భయంలోనూ నా మనసు చివుక్కుమంది. నేను నోరు విప్పితే ఆవులించడం మనుషులతో ఆగలేదన్నమాట. ఇంకొక అడుగు వేశాను.

"రుక్ జావ్!" ఖాన్ భాయ్ అరిచాడు. "నీంద్ నహీఁ హై! దాంత్ దిఖా రహా హై!"

నిద్ర కాదట. పళ్ళు చూపిస్తోందట. చూశాను. పై కోరలు రెండూ నా చూపుడువేలంత ఉన్నాయి. కోతికి చెలగాటం, కామేశానికి ప్రాణసంకటం. నా పేరు కామేశం. ఇంతవరకు చెప్పే తీరిక దొరకలేదు. కాలు ముందుకు పడదు, వెనక్కి రాదు. కొండమీద ఇంకొక రాయినై నిలబడిపోయాను.

అది డబ్బా తీసింది. మూత రాకపోతే గోడకేసి రెండు దెబ్బలు కొట్టింది. మూత ఎగిరి లోయలోకి పోయింది. ఆ మూత కింద పడిన చప్పుడు కోసం ముగ్గురం చెవులు రిక్కించాం. చప్పుడే రాలేదు. సుగుణ కళ్ళు మూసుకుంది.

సున్నుండలు గోడమీద దొర్లాయి. పంచాయితీ అంతా తలా ఒకటి అందుకుంది. పెద్దమనిషి ఒకటి తీసుకుని కొరికింది.

ప్రాణం గొంతులో ఉన్నా ఒక్క నిజం చెప్పాలి. ఆ క్షణాన పాస్‌పోర్టులు మరిచిపోయాను. అది ఏమంటుందోనని చూశాను. ఎక్కువ వేగలేదు కదా, ఖర్జూరం సరిపోయింది కదా అని.

అది నమలడం ఆపింది. సున్నుండను కళ్ళ ముందుకు తెచ్చుకుని ఒకసారి చూసింది. నన్ను ఒకసారి చూసింది. తరువాత నోట్లో ఉన్నదంతా అరచేతిలోకి ఉమ్మి, ఆ చెయ్యి గోడకు రాసి, నాలుకను కూడా ముంజేతికి రాసుకుంది. చేతిలో మిగిలినది వీపు వెనక్కి, లోయలోకి విసిరేసింది. మిగతా కోతులూ అదే పని చేశాయి. ప్లాస్టిక్ సంచులు, సిగరెట్ పెట్టెలు, కారు టైర్లు నాకే జాతి అది!

ఇప్పుడు సంచిలోంచి ప్రత్యేక సంచిక తీసింది. అట్టమీద ఉప్మా చంద్రుడు, పేజీల మధ్య నుంచి రెండు ముదురునీలం అంచులు. దాని చెయ్యి లోయ వైపు లేచింది. నా వెనక సుగుణ "ప్రభువా" అనడం వినిపించింది.

విసిరేముందు ఎందుకో ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

దారి పొడుగునా డబ్బాలోంచి కారిన నెయ్యి పుస్తకానికి పట్టింది. నా సున్నుండల వాసన. అంతే, నిప్పు ముట్టుకున్నట్టు అక్కడికక్కడే వదిలేసింది. పుస్తకం గోడకు ఇవతల, రోడ్డుమీద, నా కాళ్ళ ముందు పడింది. పెద్దమనిషి కీచుమని ఒక తిట్టు తిట్టి, ఇక ఈ స్థలంలో ఉండదగదన్నట్టు పరివారంతో రాళ్ళ మీదికి వెళ్ళిపోయింది.

నేను వంగలేదు. వంగడానికి నడుము పనిచెయ్యాలి. సుగుణే పరుగెత్తుకొచ్చి పుస్తకం గుండెకు హత్తుకుంది. నా పుస్తకాన్ని ఆమె అంత గౌరవంగా పట్టుకోవడం అదే మొదలు.

కారెక్కి అద్దాలు బిగించాం. రెండో మలుపులో ప్రసాదు నా భుజం తట్టాడు.

"బావా, నిజం చెప్తన్నా. ఇయ్యాళ మమ్మల్ని కాపాడింది నీ సున్నుండలే."

నా కళ్ళు చెమర్చాయి. ఎన్ని చలికాలాలు ఎదురుచూశాను ఈ మాట కోసం!

"అవి ఏమాత్రం తినేటట్టున్నా, ఆ కోతి పుస్తకాన్ని కూడా నాక్కుంటా కూర్చునేది."

సుగుణ కిటికీ వైపు తిరిగి భుజాలు కదిలేలా నవ్వింది. తెలుగు రాని ఖాన్ భాయ్ కూడా నవ్వాడు. ఆయనకు ఏం అర్థమైందో అడగలేదు.

"సరే," అన్నాను గంభీరంగా. "పుస్తకం ఇలా ఇవ్వమ్మా. ఆ రెండు పేజీలూ..."

"ఖాన్ భాయ్," అంది సుగుణ, "గాడీ రోకో. అన్నయ్య దిగుతాడంట."

జెద్దాలో ఆఫీసరు ఆ పాస్‌పోర్టుల పేజీ తిప్పి, వేళ్ళు ఒకదానికొకటి రాసుకుని, వాసన చూసుకుని, ముఖం చిట్లించి ముద్ర వేశాడట. క్రిస్మస్ బాగా జరిగిందట. పెళ్ళి విందులో ఈ కథ నాలుగుసార్లు చెప్పించుకున్నారట. ఒక్కసారి కూడా నా అనుమతి అడగలేదు. రాసి పెట్టుకున్నాను.

ఇకమీదట, మినప్పప్పు సాక్షిగా, ఖర్జూరం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. మరొకరి పాస్‌పోర్టును కథల మధ్య పెట్టను. కారులో ఉన్న సంచిని గోడ మీద పెట్టను. అడగనివాళ్ళకు, వాళ్ళు మనుషులైనా కోతులైనా, నా చేతి సున్నుండ తినిపించను.

ఆ కోతిని మాత్రం క్షమించలేదు. దాని ఎడమ చెవి కొంచెం చిరిగి ఉంటుంది. జెద్దా వెళ్ళినప్పుడల్లా, అద్దాలు గట్టిగా బిగించుకుని, ఆ గోడ పొడుగునా వెతుకుతూనే ఉన్నాను.