మేనేజర్ గారి షెడ్యూలు కాగితం

గురువారం పదకొండున్నర ప్రాంతంలో ఫిల్మ్‌నగర్‌ డబ్బింగ్ థియేటర్ నుంచి టీ కోసం బయటికొచ్చి ఫోను తీసి చూశాను. మా పాస్టర్ గారివి ఏడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. ఆయన ఏడుసార్లు చేసే మనిషి కాదు. తిరిగి చేస్తే, "మేనేజర్ గారు వెళ్లిపోయారమ్మా. పొద్దున ఎనిమిదింటికి, కూర్చున్న కుర్చీలోనే," అన్నారు. లోపల నాకింకా నాలుగు సీన్లు మిగిలాయి. ఆ రోజు నేను గొంతివ్వాల్సింది పెళ్లింట్లో పకపకా నవ్వే వదినకి. వెళ్లి నవ్వాను. ఎలా నవ్వానో నాకే తెలియదు, ఇంజినీరు మాత్రం ఓకే అన్నాడు. పని అయ్యాక మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

ఆయన మాకు బంధువు కాదు. మా సంఘపెద్ద. ముప్పై ఏళ్లు సినిమా కంపెనీల్లో ప్రొడక్షన్ మేనేజరుగా చేసి మానేశారు గనక గుడిలో కూడా అందరికీ మేనేజర్ గారే. మా గుడి కృష్ణానగర్ సందులో, లైట్లూ జనరేటర్లూ అద్దెకిచ్చే గోడౌను పైన ఉంటుంది. వచ్చేవాళ్లలో ఎక్కువమంది సినిమా పనివాళ్లే. టైలర్లు, మేకప్ వాళ్లు, జూబ్లీహిల్స్ ఇళ్లలో డ్రైవర్లు, జూనియర్ ఆర్టిస్టులు, ఒక ఫైటరు, నాలాంటి డబ్బింగ్ వాళ్లు. నేను బాపట్ల నుంచి వచ్చినదాన్ని. ఆయన యూసుఫ్‌గూడలోనే పుట్టి పెరిగారు. ఆయన మాటలో మెత్తదనం వెతుక్కోవాలి. పాట శ్రుతి తప్పితే అక్కడే ఆపించేవారు. ప్రసంగం గంట దాటితే పాస్టర్ గారికి కనిపించేలా చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టేవారు. ఎవరు, ఎన్నింటికి, ఎక్కడికి రావాలో రాసి పంపడం, వచ్చిందాకా వదలకపోవడం, ప్యాకప్ అయ్యాక చివరి వ్యాను కదిలేదాకా గేటు దగ్గర నిలబడటం, ఇదీ ఆయన జీవితమంతా చేసిన పని. గుడిలోనూ అంతే. చివరి మనిషి మెట్లు దిగితేగాని ఆయన ఫ్యాన్లు కట్టేసేవారు కాదు.

మాకు వాక్యం చదవడం ఆయన ఎలా అలవాటు చేశారో చెప్పాలంటే ముందు మా దొంగతనం ఒకటి బయటపెట్టాలి. అప్పట్లో పాస్టర్ గారు ప్రతి ఆదివారం, "ఈ వారం రోజూ వాక్యం చదివినవాళ్లు చేతులెత్తండి," అనేవారు. హాలంతా చేతులు లేచేవి. నాదీ లేచేది. నేను బైబిలు తెరిచి నెలలైనా సరే, చెయ్యి మాత్రం దానంతట అదే లేచేది. చేతులెత్తమంటే ఎత్తడం, చప్పట్లు కొట్టమంటే కొట్టడం మాలో సగంమందికి వృత్తి కదండీ. పాస్టర్ గారు పాపం ఎంతో సంతోషించేవారు. ఒక ఆదివారం మేనేజర్ గారు ముందు వరసలోంచి లేచి వెనక్కి తిరిగి మమ్మల్నందర్నీ చూశారు.

"పాస్టర్ గారూ, జర ఆగుండ్రి. ముప్పై ఏండ్లు క్రౌడును చూసిన నేను. ఎవరు నిజంగ ఎత్తిండ్రు, ఎవరు పక్కోన్ని చూసి ఎత్తిండ్రు నాకు తెల్వదా? ఇట్ల అడిగితే వీళ్లు దినాం ఎత్తుతరు. నాకు వదిలేయుండ్రి."

పై ఆదివారం అందరి చేతుల్లోనూ ఒక జిరాక్సు కాగితం పెట్టారు. అచ్చం షూటింగ్ షెడ్యూలే. గ్రంథంలో ఆ వారానికి రావలసిన కథని చిన్న చిన్న భాగాలు చేసి, భాగానికో పేరు రాశారు. మీ భాగం మీరు రోజూ చదువుకోవాలి, ఆదివారం లేచి అందులో ఏం జరిగిందో మీ మాటల్లో రెండు నిమిషాలు చెప్పాలి. తరవాతి మనిషి అక్కణ్ణుంచి అందుకోవాలి. నీకేం అర్థమైంది, దానివల్ల ఏం నేర్చుకున్నావు అని ఆయన ఎప్పుడూ అడగలేదు. "ఏమైంది? తరువాత ఏమైంది?" అంతే. షరతు ఒక్కటే. ఎవరైనా చదవకుండా వస్తే కథ అక్కడే ఆగుతుంది, పై ఆదివారం దాకా సంఘమంతా ఆగాలి. పక్కవాళ్లు అందుకుని చెప్పడానికి వీల్లేదు.

"వాక్యానికి డూపులుండరు," అనేవారు. "దెబ్బ తగిలేకాడ డూప్ పెట్టుకోండ్రి. తినేకాడ ఎందుకు?"

ఆ షరతుకి మొదట దొరికిపోయింది నేనే. అన్నలంతా కలిసి తమ్ముణ్ణి గుంటలో పడేసే భాగం నాది. ఆ వారం రెండు సినిమాలకి డబ్బింగ్ ఒకేసారి మీద పడి పుస్తకం ముట్టుకోలేదు. చిన్నప్పటి నుంచీ విన్న కథే కదా, గొంతుతో గట్టెక్కించేద్దాం అనుకున్నాను. లేచి, అన్నలకి కరుకు గొంతు, తమ్ముడికి ఏడుపు గొంతు పెట్టి దంచేశాను. అందరూ నోళ్లు తెరుచుకుని విన్నారు. చివర్లో తమ్ముణ్ణి గుంటలోంచి తియ్యాలి కదా. నోటికొచ్చింది చెప్పాను. అన్నలకి జాలేసి పైకి తీసి ఇంటికి తీసుకెళ్లారన్నాను.

"ఇంటికి తీసుకపోయిండ్రా?" మేనేజర్ గారు కళ్లజోడు తీశారు. "ఇంటికి పోతే ఇగ సినిమా ఏముంది బిడ్డా? వాన్ని అమ్మేసిండ్రు గదా. గొంతు మంచిగుంది. మరి సీను ఏది? వచ్చే ఆదివారం దాక పిలగాడు గుంటల్నే ఉంటడు."

వారమంతా నాకు తల ఎత్తుకునే వీల్లేకపోయింది. కూరగాయల బండి దగ్గర టైలరక్క, "పిల్లాడింకా గుంటలోనే ఉన్నాడా చెల్లీ?" అని అడిగింది. ఫైటరు నా ఇంటి ముందు స్కూటరాపి, "తాడు కావాల్నా అక్కా? నా దగ్గర రోప్ ఉంది," అన్నాడు. నాకు మేనేజర్ గారి మీద ఒళ్లు మండిపోయింది. ఇక ఆ గుడికే వెళ్లకూడదనుకున్నాను. ఆ కోపంలోనే పుస్తకం తీసి ఆ భాగం చదివాను. మర్నాడు మళ్లీ చదివాను. మూడోరోజో నాలుగోరోజో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. తమ్ముణ్ణి గుంటలో పడేసి అన్నలు భోజనానికి కూర్చున్నారు. అంతే ఉంది అక్కడ. పుట్టినప్పటి నుంచీ ఆ కథ వింటున్నాను, వాళ్లు అన్నం తిన్నారని నాకెవరూ చెప్పలేదు. చెప్పే ఉంటారు, నేను వినుండను. ఆ ఆదివారం లేచి ఏ గొంతూ పెట్టకుండా ఆ సంగతి చెప్పాను. మేనేజర్ గారు తలూపారు. ఆ రోజు నుంచి నేను చదువుతున్నాను. భక్తి పెరిగి మొదలుపెట్టానని చెప్పుకోను, పరువు పోయి మొదలుపెట్టాను. ఎలా మొదలైతేనేం, ఆయనకి నేను రుణపడిపోయాను.

ఆయన సొంత పుస్తకానికి ఖాకీ అట్ట ఉండేది. లోపల గుర్తులకి పాత షూటింగుల భోజనం టోకెన్లు పెట్టుకునేవారు. జూబ్లీహిల్స్‌లో ఏ నటుడి ఇంటి ముందో కారులో గంటలకొద్దీ కాచుకుని కూర్చున్న రోజుల్లో చదవడం అలవాటైందట. "ఎవరి కోసం కూసున్ననో ఆయన రాకపోతుండె. పుస్తకమైతే చేతులనే ఉంటుండె," అని నవ్వేవారు. ఒకసారి కొత్తగా వచ్చిన ఒకమ్మాయి ఏడాదిలో మొత్తం పూర్తిచేస్తానని పట్టుబట్టి రోజుకి పది అధ్యాయాలు మొదలుపెట్టింది. ఆయన ఆ అమ్మాయిని ఆపి, "పెండ్లి భోజనం దినాం తింటవా? తినలేవు. పొద్దుగాల ఇంత టిఫిన్ తిని పనికి పోతవ్. గట్లనే చదువు. కొంచెం చదువు, కానీ దినాం చదువు," అన్నారు. ప్రతి శుక్రవారం సాయంత్రం ఆయన నుంచి ఫోను వచ్చేది. పలకరింపులుండవు. "చదువుతున్నవా? ఆఁ." పెట్టేసేవారు.

రెండేళ్ల క్రితం నా గొంతులో కాయ లేచింది. ఆపరేషన్ చేసి, రెండు నెలలు మాట్లాడకూడదన్నారు డాక్టర్లు. గొంతే తిండి పెట్టేదానికి గొంతు లేకపోతే ఎలా ఉంటుందో చెప్పలేను. మళ్లీ వస్తుందో రాదో తెలియదు. గుడికి వెళ్లడం మానేశాను. ఒక శనివారం ఉదయం మేనేజర్ గారు భార్యతో సహా వచ్చి నా చేతిలో షెడ్యూలు పెట్టారు. అందులో నా పేరుంది. నాకు కోపం వచ్చింది. పలక మీద పెద్ద అక్షరాలతో, "ఎలా చెప్పను?" అని రాసి చూపించాను.

"కండ్లున్నయి గదా? చదువు. నువ్వు చెప్పేది కాగితం మీద రాసి తే. నేను చెప్త."

"డూపులుండరన్నారుగా?" అని రాశాను.

"గిది డూప్ ఎట్లయితది? డూప్ అంటే నువ్వు చెయ్యంది ఇంకోడు చేసుడు. నువ్వు చదివినవ్, గొంతొక్కటే నాది. గిది డబ్బింగ్. ఇన్నేండ్లు మందికి చెప్పినవ్. నీకు నేను చెప్తే తప్పేంది?"

రెండు నెలలూ ఆదివారం ఆదివారం నేను రాసిన కాగితం ఆయన చదివారు. ఒక్క మాట కలపలేదు, తీయలేదు. నేను అక్షరం కొట్టేసిన చోట కూడా, "ఇక్కడ ఏదో రాసి కొట్టేసింది," అని చెప్పేవారు. అందరూ నవ్వేవారు, నేను శబ్దం లేకుండా నవ్వేదాన్ని. గొంతు తిరిగొచ్చింది. ఆ రెండు నెలల్లో నేను చీకట్లోకి జారిపోలేదంటే అది ఆయన చలవే.

శుక్రవారం ఆయన్ని మట్టికి అప్పగించి వచ్చాం. ఆ సాయంత్రం నా ఫోను మోగలేదు. అప్పుడు షెడ్యూలు గుర్తొచ్చి తీసి చూశాను. ఆ వారం కథ జనమంతా యొర్దాను నది దాటడం. నది ఆగిపోవడం, దేవుడి ఆజ్ఞల పెట్టె మందసాన్ని మోసే యాజకులు నది మధ్యలో ఆరిన నేల మీద నిలబడటం నా భాగం. దాని కింద మిగతా కథ. దాని ఎదురుగా ఆయన చేతిరాతతో "నేను" అని ఉంది.

శనివారం పాస్టర్ గారు ఫోను చేశారు. "ఆయన భాగం ఎవరో ఒకరం చదివేద్దామా అమ్మా?"

"డూపులొద్దన్నారు కదండీ."

"అయితే వారం ఆగుదాం."

సరేనన్నాను గానీ ఫోను పెట్టాక ఆ షెడ్యూలు కాగితమే చూస్తూ కూర్చున్నాను. ఇదివరకు ఆగినప్పుడు మళ్లీ కదిలించడానికి ఆయనున్నారు. ఇప్పుడు షెడ్యూలు రాసే మనిషే లేడు. ఒక వారం ఆగిందంటే ఇక మెల్లగా అంతా ఆగిపోతుందని, మళ్లీ చేతులెత్తే రోజులు వస్తాయని నా భయం. ఎవరితోనూ అనలేదు.

ఆదివారం నా వంతు వచ్చింది. లేచి చెప్పాను. నది ఆగింది, యాజకులు మందసం మోస్తూ మధ్యలో నిలబడ్డారు, జనం దాటుతున్నారు. అక్కడికి నా భాగం అయిపోయింది. కూర్చున్నాను. ముందు వరసలో ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. పాస్టర్ గారు ప్రార్థన చేసి ముగిద్దామన్నట్టు లేచారు. అప్పుడు ఆడవాళ్ల వైపు చివరి వరసలోంచి ఆంటీ లేచారు. మేనేజర్ గారి భార్య. షెడ్యూల్లో ఆవిడ పేరు ఎన్నడూ లేదు. అడిగితే, "నాకెందుకు? ఇంట్ల దినాం వింటనే ఉన్న," అనేవారు.

"ఆయన చదివిండు," అన్నారు ఆంటీ. "గురువారం పొద్దుగాల చాయ్ తాగుకుంట నాకు చదివి వినిపించిండు. చదివినంకనే పోయిండు. ఆయన భాగం నేను చెప్త. గిది డూప్ కాదు పాస్టర్ గారూ, డబ్బింగ్."

పాస్టర్ గారు కూర్చుండిపోయారు.

"జనం మొత్తం దాటేదాక వాళ్లు నది నడుమనే నిలవడ్డరు. ముసలోళ్లు, పిల్లలు, అందరు. ఆఖరు మనిషి ఒడ్డెక్కినంకనే వాళ్లు కదిలిండ్రు. వాళ్ల కాళ్లు ఒడ్డు మీద పడంగనే నీళ్లు మళ్ల వచ్చినయి." కొంగుతో ముఖం తుడుచుకున్నారు. "అంతకు ముందట, వాళ్లు నిలవడ్డకాడికెళ్లి జనంల కొందరు రాళ్లు తీసుకొచ్చిండ్రు. ఒక్కొక్కడు ఒక్క రాయి భుజం మీద పెట్టుకొని. రేపు పిల్లలు గీ రాళ్లేందని అడిగితే చెప్పాలె గదా, అందుకు. రాళ్లు... ఎన్ని రాళ్లు? చెప్పిండు నాకు. యాదికొస్తలేదు..."

"పన్నెండు!"

హాలంతా ఒక్కసారే అంది. టైలరక్క అంది, ఫైటరు అన్నాడు, డ్రైవర్లు అన్నారు, నేనూ అన్నాను. అని, ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. ఆ భాగం మాలో ఎవరిదీ కాదు. ఎవరూ చదవమనలేదు, శుక్రవారం ఫోనూ రాలేదు. ఎవరికి వాళ్లం ఇంట్లో కూర్చుని చదువుకొచ్చాం. ఆంటీ మమ్మల్ని అటునుంచి ఇటు చూసి, కన్నీళ్లతోనే నవ్వేశారు. "ఆఁ, పన్నెండు," అన్నారు.

అందరూ వెళ్లాక ఆవిడ ఖాకీ అట్ట పుస్తకం నా చేతిలో పెట్టి, "వచ్చే వారం కాగితం నువ్వు రాయి బిడ్డా," అన్నారు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చూద్దామని తెరిచాను. గురువారం పొద్దున చదవడం అయ్యాక, రోజూ జరిపినట్టే, ఆయన భోజనం టోకెను తీసి తరవాతి అధ్యాయంలో పెట్టి ఉంచారు. నేను అక్కడే కూర్చుని, కొత్త కాగితం మీద మొదటి భాగానికి ఎదురుగా ఆంటీ పేరు రాశాను. ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి, నేను రాయడం అయ్యేదాకా ఆగి, అప్పుడు ఫ్యాన్లు కట్టేశారు.