పట్టాల మీద కంచాలు

బుజ్జోడా, పోయిన నెల నంద్యాల నుంచి ఫోన్ వచ్చింది. నువ్వు పనిచేసే షాపులోనే కుప్పకూలావని, ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయిందని చెప్పారు. ఆళ్లగడ్డలో మనింట్లో నేను, రోజూలాగే బస్సుకు వస్తావని నీకోసం అన్నం దించుతూ ఉన్నాను.

వాడి కోసం ఈరోజు వచ్చిన మీకు నా కొడుకు గురించి చెప్పాలి. వాడికి బొమ్మరైళ్లంటే పిచ్చి. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ పారేసిన బొమ్మరైలు పట్టాలు గోనెసంచిలో వేసుకొని బస్సులో తెచ్చాడు.

"ఏంద్రా ఈ ఇనుము? మనిషి నిలబడేకే చోటు లేదు ఈడ."

"రైలు చెడిపోతే పట్టాలు ఏం చేసినాయిమా? చూస్తా ఉండు."

చెక్కలు కోసి, వాటి మీద పట్టాలు బిగించి గోడకు కొట్టాడు. ముందు గదిలో తన ఇంజన్లు నిలబెట్టుకున్నాడు. మిగిలిన ముక్కలతో వంటింట్లో నాకొక అర చేశాడు. రెండు పట్టాల సందులో కంచం అంచు కూర్చుంటుంది, జారదు. చివర వాడి కంచం, పక్కన నాది, తర్వాత నా కూతురిది.

"తడి కంచం పెట్టొద్దుమా, తుప్పు పడతాది" అన్నాడు. అప్పటినుంచి తిన్న కంచం కడిగి, కొంగుతో తుడిచి పెట్టేదాన్ని.

వాడు వచ్చేదాకా నేను తినేదాన్ని కాదు. అందుకు వాడికి కోపం. రాగానే అర వైపు చూసేవాడు. ఒకరోజు తినకుండానే కంచం నీళ్లలో ముంచి పెట్టాను, తిన్నాననుకుంటాడని. వాడు వేలితో తాకి నవ్వాడు.

"తింటే తుడిచి పెడతావ్. తడిగా ఉందంటే తినల్యా. నన్నే ఏమారుస్తాండావా?"

"తెలివి ఎక్కువైందిరా నీకు. కూర్చో, వడ్డిస్తా."

"ముందు నువ్వు పెట్టుకో. నాకు చేతుల్యావా?"

దొరికిపోయినా మానలేదు నేను. వాడు నన్ను అడిగింది వేళకు తినమనే. ఆ ఒక్కటీ వాడుండగా చేయలేదు.

ఇప్పుడు ముద్ద దిగదు. నిన్న కూతురు "అమ్మా, తిన్యావా?" అంటే తిన్నానన్నాను. కంచం తడిపి పెట్టబోతే కనబడింది. నా కంచం ఉండే చోట పట్టా ఎర్రగా తుప్పు పట్టింది. వాడి కంచం కింద ఇంకా మెరుస్తోంది.

ఆ తుప్పును వేలితో తాకాను. తర్వాత కూతురిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకొని తిన్నాను. కంచం కడిగాను, కొంగుతో తుడిచాను, వాడి కంచం పక్కన పెట్టాను.

మీరు కూడా వేళకు కడుపునిండా తినండి.