ఆడపడుచులు నిలబడే గుమ్మం

రాజమండ్రిలో మా వీధి చివర ఫంక్షన్ హాలు కట్టినప్పటి నుంచి, ముహూర్తాల రోజుల్లో పొద్దున్నే మా వంటింటి కిటికీలోంచి బూరెలు వేగుతున్న వాసన వస్తుంది. అందరికీ నోరూరించే ఆ వాసనకి నాకు మాత్రం పాత కోపం రగులుతుంది.

నా చిన్నప్పుడు మా ఊళ్ళో కాలువ లాకులకి ఇవతల రెండు గదుల పెంకుటిల్లు మాది, అవతల కొబ్బరితోట మధ్యన మండువా లోగిలి ఆయనది. ఆయనంటే మా నాన్న. అమ్మకి తాళి కట్టలేదు కాబట్టి నేను ఆయన్ని "అయ్యగారూ" అనే పిలవాలి. వేసవిలో బుట్టతో మామిడిపళ్ళు పంపేవారు, చలికాలం మా అరుగు మీద కూర్చుని అమ్మ కాల్చిన తేగలు నాతో పాటు పీచు తీసుకుంటూ తినేవారు, నా ముక్కు అచ్చం ఆయన ముక్కేనని మురిసిపోయేవారు, దారిలో నలుగురి మధ్య ఎదురైతే మాత్రం ఆ ముక్కుని ఎరగనట్టే పోయేవారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు పెద్దలు. ఆయన తొక్కారు, శుభ్రంగా కడుక్కున్నారు, అడుసుగా మిగిలింది మేం.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఆయన పెద్దకొడుక్కి పెళ్ళయింది. అమ్మని వంటసాయానికి పిలిచారు. పెరట్లో పందిరి కింద పనసపొట్టు కొడుతున్న చప్పుడు, గాడిపొయ్యి మీద ఉడుకుతున్న గుమ్మడికాయ దప్పళం ఘాటు, పొగ, వీటి మధ్య అమ్మ కొబ్బరి కోరుతూ కూర్చుంటే, మేళం వినపడి నేను వీధివైపు పరిగెత్తాను. మా వైపు కొత్త దంపతులు ఇంట్లో అడుగుపెట్టేముందు పెళ్ళికొడుకు అక్కచెల్లెళ్ళు గుమ్మానికి అడ్డం నిలబడి, ఒకరి పేరు ఒకరిచేత చెప్పిస్తేగాని లోపలికి రానివ్వరు. అన్నయ్య పెళ్ళి కదా అని నేనూ వెళ్ళి ఆ వరసలో నిలబడ్డాను.

కొత్త వదినకి ఏం తెలుసు పాపం! సిగ్గుపడుతూ మొగుడి పేరు చెప్పి, నా గడ్డం పట్టుకుని, "ఈ బుల్లి ఆడపడుచు పేరేంటండీ?" అంది. ఆడవాళ్ళంతా ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. వదిన వెనకే ఆయన ఉన్నారు. "నా చిన్నకూతురమ్మా" అంటారని నాకెంత నమ్మకమో, తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే జాలేస్తుంది.

"పనిమనిషి కూతురమ్మా," అన్నారు. "పక్కకి జరుగే."

ఆ ఒక్కపూట సాయానికి వెళ్ళినందుకు అమ్మ పనిమనిషైపోయింది. ఇంటికొచ్చాక అమ్మ, "ఎవరు నిలబడమన్నారే నిన్నక్కడ?" అని వీపు మీద రెండేసి, తనే ఏడ్చి, ఆకులో కట్టి తెచ్చిన బూరెలు పెట్టింది. తిన్నాను. ఆకలేసింది మరి.

తర్వాత ఆయన నన్ను కాకినాడ హాస్టల్లో ఉంచి చదివించారు, ఊరంతా ఆయన్ని ధర్మాత్ముడంది. కన్నకూతురికి చదువు చెప్పించి, నాన్నా అని పిలవనివ్వకపోవడం ధర్మమైతే, ఆ ధర్మం మీద నాకు గౌరవం లేదు.

ఇప్పుడా లోగిలి లేదు, దాని తలుపులు ఎవరో రిసార్టు కోసం కొనుక్కుపోయారట. కొబ్బరితోట చేపలచెరువైంది. ఆయనా, అమ్మా, అన్నయ్యా పోయారు. కొత్తజంటల పేర్లు ఫ్లెక్సీల మీదే ఉంటున్నాయి, చెప్పించడానికి ఎవరూ అడ్డం నిలబడరు.

మొన్న ఆస్పత్రిలో ఓ కుర్ర డాక్టరమ్మ నా రక్తపరీక్ష చూసి, "మీ నాన్నగారికి షుగర్ ఉండేదాండీ?" అని అడిగింది.

"ఉండేదమ్మా. మా నాన్నగారికి ఉండేది," అన్నాను.

ఆ మాట పైకి అనడం నా జన్మలో అదే మొదలు. ఆయన ఒప్పుకోకపోయినా, ఆయన జబ్బు మాత్రం నన్ను కూతురిగా గుర్తుపట్టింది.